సిరిసిల్ల కోరా బట్ట, చెప్పకుండా మింగిన మాట

తెలంగాణ ఉద్యమం రోజుల్లో మా జగిత్యాల కాలేజీ తెరిచిన రోజులకన్నా మూసిన రోజులే ఎక్కువ. రాష్ట్రం కోసం నేను చేసిన త్యాగాల్లో మొదటిది పొద్దున తొమ్మిదింటిదాకా పడుకోవడం. రెండోది ఈ ప్రయాణం. కోరుట్లలో షాపు బోర్డులు రాసే యాకూబ్ భాయ్ చిన్నప్పుడు సెలవుల్లో నాకు కుంచె పట్టడం నేర్పారు. అక్కడి దీక్షా శిబిరం వెనక కట్టడానికి పెద్ద బొమ్మ వేయాలి, బట్ట కోసం సిరిసిల్ల పోదాం, తోడు రమ్మని ఫోన్ చేశారు.

బస్సులు బందు. కోరుట్లకు మామూలుగా ఇరవై తీసుకునే షేర్ ఆటో అతను నలభై అడిగాడు. "ఉద్యమానికి సహకరించురి సార్," అన్నాడు. మేడిపల్లి దగ్గర రోడ్డు మీదే వంటావార్పు జరుగుతుంటే అరగంట ఆగాం. అక్కడి పప్పన్నం తిని నేనూ నా వంతు సహకరించాను. కోరుట్ల చేరేసరికి పదిన్నర.

భాయ్ గదినిండా రంగు పులిమిన పాత ధోతులు వేలాడుతున్నాయి. ఇరవై ఏళ్లు చాక్‌పీసుతో గీత గీసి, ఆ గీత లోపలే రంగు నింపిన మనిషి. ఫ్లెక్సీలొచ్చాక బోర్డులు తగ్గాయి. ఇప్పుడు గీతే లేకుండా, తడి బట్ట మీద పల్చటి రంగు వదిలి, అది పాకిన చోటల్లా మనుషుల్ని తేలుస్తున్నారు.

"జనం నడుస్తుంటే వాళ్ల సుట్టు గీత ఉంటదా బేటా?" అన్నారు. వెంటనే గొంతు తగ్గించి, "మంచిగున్నదా? పిచ్చి పనా?"

ధోతి మీద ఊరేగింపు నిజంగానే కదులుతోంది. "పిచ్చి పనే భాయ్. గనీ మంచి పిచ్చి," అన్నాను. మరునాటి సాయంత్రానికి బొమ్మ అందకపోతే శిబిరం వాళ్లు ఫ్లెక్సీ కొట్టిస్తారట.

చందుర్తి మీదుగా వేములవాడ దాకా జీపు, అక్కణ్ణుంచి ఆటో. ఇద్దరికీ కలిపి రెండొందలు. రెండింటికి సిరిసిల్లలో దిగాం. సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే రాజేశం మా ముందే బట్టలోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చాడు. ముద్ద కడితే పాలిస్టర్, బూడిదైతే నూలు. బూడిదే అయింది. భాయ్ సంబరపడి డబ్బిచ్చేసి నమాజుకు వెళ్లారు.

అప్పుడు రాజేశం నాతో అన్నాడు: "ఇది ఇంకా ఉతకని, గంజి పట్టిన కోరా తమ్మీ. సాంచా మీద పోగు తెగకుంట గంజి పెడ్తం. ఉడుకునీళ్లల్ల నానేసి రెండుసార్లు ఉతికినంకనే రంగు పడ్తది. మీ భాయ్‌కు చెప్పు."

"చెప్త," అన్నాను. ఆ తర్వాత అక్కడి కార్మికులకు మా ప్రిన్సిపాల్ నడక నడిచి చూపించే అతి ముఖ్యమైన పనిలో పడ్డాను.

తిరుగు దారిలో వేములవాడలో జీపు ఆలస్యమైంది. భాయ్ ఆగలేకపోయారు. చాయ్ హోటల్ బెంచీ మీద బట్ట చివర పరిచి, తడిపి, సంచిలోని రంగు తీసి వదిలారు. రంగు బట్టలోకి ఇంకలేదు. బొట్లు బొట్లుగా దొర్లి అంచుకు జారింది. జీపు కోసం నిలబడ్డవాళ్లు చుట్టూ చేరారు.

"భాయ్, మీ జనం రాస్తారోకో ఇడిసిపెట్టి ఇండ్లకు పోతున్నరు," అన్నాను. అందరూ నవ్వారు. భాయ్ కూడా నవ్వారు. తర్వాత తన కుడిచేతి వేళ్లు చూసుకున్నారు.

"చెయ్యి పోయింది బేటా. ఆ ధోతుల మీద ఏదో గాలివాటంగ అచ్చినట్టున్నది."

గంజి సంగతి అప్పుడు గుర్తొచ్చింది. చెబితే ఆ నవ్వంతా నా మీదికి తిరుగుతుంది. జీపులో చెబుదామనుకున్నాను. జీపులో ఆయన కళ్లు మూసుకుని కూర్చున్నారు. కోరుట్లలో దిగి, "పైలంగ పో," అని జాగ్రత్త చెప్పారు. నేను "సరే" అన్నాను.

నాలుగు రోజుల తర్వాత వెళ్తే శిబిరం వెనక ఫ్లెక్సీ ఉంది. దాని మూలకు తాడు కడుతున్నది భాయే. అక్కడే నిలబడి గంజి సంగతి మొత్తం చెప్పేశాను. ఆయన ముడి బిగించి, "నన్ను సముదాయించనీకి కథలు చెప్తున్నవ్," అన్నారు.

"ఒట్టు భాయ్, నిజం."

"నువ్వు ఎప్పుడు నిజం చెప్తవో నాకెట్ల ఎర్క బేటా?" కోపం లేకుండానే అన్నారు. బట్ట ఉతికి తెస్తానన్నాను. కుంచెలు ఎవరికో ఇచ్చేశానన్నారు.

ఊరంతా గొంతు పోయేలా మాట్లాడిన రోజులవి. నేనూ చాలా మాట్లాడాను, అవసరమైన ఆ ఒక్క వాక్యం తప్ప. సిరిసిల్లలో రంగులు వేయడానికి కోరా బట్ట కొనేవారు ఉడుకునీళ్లలో నానబెట్టి రెండుసార్లు ఉతకండి. ఈ మాట విన్నది మీరు, కుంచె పట్టేది ఇంకొకరు అయితే, దుకాణం మెట్లు దిగకముందే వాళ్లకు చెప్పేయండి.