పారబోతమ్మ చేతి మందు

ఆసుపత్రిలో ఆమెను అందరూ పారబోతమ్మ అనేవారు. ఎదుటపడి అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు. కంటి ఆసుపత్రి కింది అంతస్తులో, రెండు అద్దాల తలుపులు దాటాక ఉండే చిన్న గదిలో, ఇంజెక్షన్ మందులు కలపడం ఆమె పని. పెద్ద సీసాలోని మందును చిన్న సిరంజిల్లోకి ఎక్కించి, ఎప్పటిలోగా వాడాలో ఒక్కోదాని మీదా రాసి అంటించేది. ఆ వేళ దాటిందా, మంత్రి బామ్మర్ది కోసం ఉంచిన మందైనా సరే, ఎర్ర డబ్బాలోకి పోవలసిందే.

కొత్తగా చేరిన నర్సు ఒకామె నోరు ఊరుకోక అడిగింది.

"సీసా మీద ఇంకా ఏడాది గడువుంది కదా, సాయంత్రానికే ఎలా చెడిపోతుంది?"

"ఆ గడువు మూత తియ్యని సీసాకి. తీశాక చెయ్యి తగిలింది, గాలి తగిలింది. కనపడని క్రిమి ఒక్కటి దూరితే కన్నే పోతుంది. నా అనుమానం మందు మీద కాదు, కలిపిన చేతి మీద."

"కలిపింది మీ చెయ్యే కదా!"

"నాదైతే? నాకేమైనా కొమ్ములున్నాయా?"

తన చేతినే నమ్మని మనిషి ఇంకొకరిని నమ్ముతుందా? ఇంట్లోనూ అదే వరస. నిన్నటి కూర గిన్నె ఫ్రిజ్‌లో కనిపిస్తే చాలు, చెత్తబుట్ట పాలయ్యేది. అత్తగారేమో బట్టలు కుట్టే మనిషి. జానెడు ముక్క గుడ్డను కూడా పారెయ్యకుండా మూట కట్టి మంచం కింద దాచుకునే రకం. ఇక ఆ ఇద్దరి మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనడంలో వింతేముంది?

"ఏదో ఒకరోజు నన్ను కూడా తారీఖు చూసి పారబోస్తుంది మహాతల్లి," అనేది అత్తగారు.

"మీ మీద తారీఖు వెయ్యలేదు కాబట్టి బతికిపోయారు అత్తయ్యా. ఉంటేనా!" అనేది కోడలు.

మధ్యలో మొగుడు అడకత్తెరలో పోకచెక్క. అన్నం తిని బయటికి జారుకునేవాడు. మగవాడికి అంతకంటే ఏం చేతనవుతుంది?

ఇలా ఉండగా అత్తగారి కుడి కంటికి తిన్నని కుట్టు కూడా వంకరగా కనిపించడం మొదలైంది. ఎడమ కన్ను ఎప్పుడో మసకబారింది. కుట్టుపనీ, ఆవిడ పొగరూ, బతుకూ అన్నీ ఆ కుడి కంటి మీదే నడుస్తున్నాయి. కంటి లోపల నెత్తురు ఊరుతోందని, వెంటనే ఇంజెక్షన్ పడకపోతే చూపు దక్కదని డాక్టరు చెప్పాడు. ఆ మందు సీసా ఖరీదైనది కావడంతో వారానికి ఒక్కరోజే తెరిచి, ఆ రోజు వచ్చినవాళ్లకు పంచేవారు.

ఆ రోజు సిరంజిలు నింపింది పారబోతమ్మే. అన్నిటి మీదా నాలుగింటి వరకు అని రాసి పైకి పంపింది. కాసేపటికి పై నుంచి నర్సు ఫోన్ చేసింది.

"మీ అత్తగారు బల్లెక్కనంటున్నారండీ. మీరు కలిపిన మందైతే వద్దట. ఇంట్లో దాని చేతి మంచినీళ్లే తాగబుద్ధి కాదు, కంట్లో పొడిపించుకోమంటారా అని హాలంతా వినపడేలా అరుస్తున్నారు."

పారబోతమ్మకు ఒళ్లు మండిపోయింది. కూరలో ఉప్పెక్కువని అన్నా పడేది, పుట్టింటిని తిట్టినా పడేది. కానీ ఆ చేతుల్ని, గోళ్లు కత్తిరించుకుని, గాజులు మానేసి, తోలు లేచేలా కడిగిన ఆ చేతుల్ని నలుగురిలో అంత మాట అంటుందా?

"ఆవిడ ఇష్టం. బలవంతపెట్టకండి," అని ఫోన్ పెట్టేసింది.

గోడ మీద గడియారం ఉంది. నాలుగు దాటితే మళ్లీ వారం దాకా మందు ఉండదని అత్తగారికి తెలియదు. నర్సుకు మిగతా రోగులతోనే ఊపిరి సలపడం లేదు. పైకి వెళ్లి ఆ ఒక్క ముక్క చెబితే చాలు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే ఆ మనిషి కూడా కుట్టుమిషన్ కోసమైనా దిగివచ్చేది. ఆ సంగతి పారబోతమ్మకు బాగా తెలుసు. తెలిసే కూర్చుంది. కడిగిన బల్లనే మళ్లీ కడిగింది.

నాలుగు దాటాక పైకి వెళ్లింది. కొడుకు బతిమాలగా బతిమాలగా అప్పుడే తల్లి బల్ల మీద పడుకుంది. కంట్లో చుక్కలు కూడా వేశారు. పారబోతమ్మ పళ్లెంలోని సిరంజి తీసి, అంటించిన కాగితం నర్సుకు చూపించి, ఎర్ర డబ్బాలో పడేసింది.

"అయ్యో, ఇప్పుడే కదండీ దాటింది!"

"దాటిందా లేదా?"

అత్తగారు లేచి కూర్చుంది. "చూశావురా? కావాలనే చేసింది!"

"అది ఇక్కడి రూలమ్మా," అన్నాడు కొడుకు నేల చూపులు చూస్తూ.

రూలే. అందులో ఎవరూ వేలు పెట్టి తప్పు చూపలేరు. కానీ ఇన్నేళ్లుగా ఎన్నో మందులు పారబోసినా పారబోతమ్మకు లోపల అంత తియ్యగా ఎప్పుడూ అనిపించలేదు.

వారం తిరిగేలోపే ఆ కంట్లో నెత్తురు చిమ్మింది. చూపులో నడిమి భాగం పోయిందని, ఆ వారమే కొంప ముంచిందని డాక్టరు చెప్పాడు. మిషన్ మీద దుప్పటి కప్పేశారు.

పరామర్శకు వచ్చినవాళ్లందరితోనూ అత్తగారు ఒకటే మాట చెప్పింది. "నా మొండితనమే నా కొంప తీసింది. కోడలిదేం తప్పు లేదు. దాని పని అది చేసింది."

వంటింట్లో నిలబడి విన్న పారబోతమ్మకు తిట్లైతే అలవాటే కానీ, ఇది మింగుడు పడలేదు. అందరూ వెళ్లాక వచ్చి మంచం పక్కన నిలబడింది.

"అత్తయ్యా, టైమ్ అయిపోతోందని నాకు తెలుసు. కావాలనే పైకి రాలేదు."

అత్తగారు ఆమె వైపు కాకుండా తలుపు వైపు చూసింది. ఎదురుగా ఉన్న మనిషి కనపడాలంటే ఇప్పుడావిడ పక్కకు చూడాలి.

"తెలుసులే. నీ చోట నేనున్నా అలాగే కూర్చునేదాన్ని."

"మరి వాళ్లతో నా తప్పు లేదని ఎందుకు చెప్పారు?"

"నా కోడలు అచ్చం నాలాంటిదేనని ఊరంతా చెప్పుకోవాలా?"

ఇన్నేళ్లలో అత్తగారు తిట్టిన తిట్లన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క మాట ఒక ఎత్తు. మాటకు మాట అప్పజెప్పే పారబోతమ్మ అక్కడే నిలబడి ఏడ్చింది.