పెద్ద అక్షరాల ప్యాకేజీ

మా ఆయన తిరుమలేష్ ఏం పని చేస్తాడని ఢిల్లీ పక్కన మేముండే వైశాలిలో ఇరుగుపొరుగు అడిగితే "కంప్యూటర్లు" అనేసి ఊరుకుంటాను. అసలు సంగతి చెబితే ఎవరికి ఓపిక! గుర్గావ్ కంపెనీలో కూర్చుని, సర్కారు ఆఫీసుల లినక్స్ కంప్యూటర్లకి సాఫ్ట్‌వేర్‌ని ప్యాకేజీలుగా కట్టి పంపుతాడు. డెస్క్‌టాప్‌కి తగిలించే చిన్న చిన్న ఎక్స్‌టెన్షన్లూ ఆయన నెత్తినే. నేను వాటిని తోకలంటాను. డెస్క్‌టాప్ వెర్షన్ మారితే చాలు, తోకలు ఊడతాయి. మళ్ళీ అతికిస్తే మెచ్చుకునేవాడు లేడు, ఊడితే మాత్రం అందరూ తిట్టేవాళ్ళే.

అందులో ఒక తోక తెర మీద అక్షరాలని పెద్దవి చేస్తుంది. దాన్ని వాడేది ఒక్కరే, ఢిల్లీలో ఓ ఆఫీసులో క్లర్కు భానుమతి ఆంటీ. కాకినాడావిడ. చూపు తగ్గిపోతోంది. కంప్యూటర్ మీద పని చేయగలిగినన్నాళ్ళే ఆ సీటని పై ఆఫీసరు మొహం మీదే చెప్పాడు.

2008లో కొత్త వెర్షన్ వచ్చింది. పాత తోక దానికి పొసగదు, తిరగరాయాలి. అప్పటిదాకా ఆవిడ కంప్యూటర్ ఒక్కటీ మార్చొద్దని మా ఆయన తన మేనేజరు కాళ్ళావేళ్ళా పడ్డాడు.

"ఏక్ యూజర్ కే లియే? ఛోడో యార్!" అని, ఒక్క మనిషి కోసం ఇంత గొడవెందుకు, వదిలెయ్యమన్నాడా మహానుభావుడు.

పొసగని ప్యాకేజీని అప్‌గ్రేడే పీకి పారేస్తుందట. అలాగే పారేసింది. మర్నాడే ఆంటీ ఫోన్.

"తెరంతా చీమలు పాకుతున్నట్టుంది బాబూ. ఏవీ కనబట్టం లేదు."

"కొంచెం ఓపిక పట్టుండ్రి ఆంటీ, నేను చేసి తెస్త."

ఆదివారాలు కూడా అదే పని. గ్యాస్ అయిపోయిందంటే వినడు. నాకు ఒళ్ళు మండింది. చివరికి తోక కుదిరింది. సెలవు పెట్టి, బస్సెక్కి, తనే స్వయంగా వెళ్ళాడు.

ఆవిడ సీట్లో కొత్త క్లర్కు ఉన్నాడు. ఆంటీని గుమ్మం పక్కన కూర్చోబెట్టి, వచ్చిన కవర్ల మీద ముద్రలు వేయిస్తున్నారు. అయినా మా ఆయన మనసు ఊరుకోలేదు, అదే కంప్యూటర్‌లో ప్యాకేజీ ఎక్కించాడు. అక్షరాలు ఇంతింతయ్యాయి. ఆంటీ లేచి వచ్చి, కుర్చీ వెనకాల నిలబడి, తెర మీది ఉత్తరం చదవడం మొదలుపెట్టింది.

"యే క్యా హై భాయీసాబ్? హటాయియే," అని, ఇదేంటి, తీసెయ్యమంటూ విసుక్కున్నాడు కొత్త క్లర్కు.

"ఒక్క నిమిషం బాబూ, ఈ లైను చదవనీ," అంది ఆంటీ మా ఆయనతో.

ఆ లైను అయ్యేదాకా ఆగి, మా ఆయన తన చేత్తోనే ఆ ప్యాకేజీని తీసేశాడు.