అక్క పేరున పావు చుట్టు

మొన్న మా అమ్మాయి కారును సర్వీసింగుకు ఇచ్చి, ఆ షెడ్డులోనే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. నిలబెట్టి ఉంచిన బండిలో ఇంజను కొంచెం ఎగిరెగిరి పడుతున్నట్టు అనిపించి, ఐడిలింగ్ స్క్రూ ఓసారి చూడమని మెకానిక్‌తో అన్నాను. అతడు స్టీరింగు కింద కంప్యూటరు తీగ తగిలించి, తెర మీది అంకెలు చూసి, "దీనికి స్క్రూ ఉండది కాకా, అదే అన్ని చూస్కుంటది" అన్నాడు. ముప్పై ఏళ్లకు పైగా ఓపెన్‌కాస్టు బొగ్గుగని వర్క్‌షాపులో ఫిట్టరుగా ఆ స్క్రూలే తిప్పి బతికినవాణ్ణి, ఆ మాట వినగానే నాకు మా బావ విమానం గుర్తొచ్చింది.

విమానమంటే పెద్దగా ఊహించుకోకండి. మా అక్క భర్త, అంటే మా బావ, భూగర్భ గనిలో నీళ్లు తోడే పంపు దగ్గర ఆపరేటరు. షిఫ్టంతా ఒక్కడే కూర్చునే డ్యూటీ అది. ఇంకొకరైతే కునుకు తీసేవారేమో, ఈయన మాత్రం టోపీ దీపం వెలుగులో విమానాల పుస్తకాలు చదివాడు. చదివినవాడు ఊరుకున్నాడా, రిటైరయ్యే ముందు క్వార్టరు వెనక రేకుల షెడ్డు వేసి, అల్యూమినియం గొట్టాలతో ఒక్క మనిషి పట్టే విమానం కట్టాడు. రెక్కల గుడ్డ మా అక్క తన కుట్టుమిషను మీద కుట్టింది. ఇంజను ఎక్కడి నుంచో పాతది లారీ పార్సిల్లో వచ్చింది. కాలనీలో అందరూ నవ్వారు, వాళ్లతో పాటు నేనూ నవ్వాను గానీ, ఇంజను పని నా నెత్తినే పడుతుందని తెలిశాక నవ్వు మానేశాను.

మన తరం వాళ్లకు చెప్పనక్కర్లేదు, యాక్సిలరేటరు పూర్తిగా వదిలేసినా ఇంజను ఆరిపోకుండా నెమ్మదిగా తిరిగేటట్టు చూసేదే ఆ స్క్రూ. డంపర్ల మోతకు అప్పటికే నా చెవులు సగం పోయాయి కనుక, స్క్రూడ్రైవరు కొనను ఇంజనుకు ఆనించి, పిడిని దవడ ఎముకకు నొక్కిపెట్టి వినేవాణ్ణి. బొగ్గు నింపుకుని ఎత్తు ఎక్కే డంపరు మధ్యలో ఆరిపోయిందంటే డ్రైవరు ప్రాణం మీదికొస్తుంది. అందుకే మా షెడ్డులో ఒక ఆచారం ఉండేది. వేగం సరిగ్గా కుదిరాక, అది ఇంకాస్త పెరిగేటట్టు స్క్రూను ఇంకో పావు చుట్టు బిగించి, "ఇది ఇంటామె పేరున" అనేవాళ్లం. ఇంటామె అంటే ఆ డ్రైవరు భార్య. ఏ పుస్తకంలోనూ లేని పద్ధతి అది, అయినా ఆ మాట అనకుండా బండిని బయటికి పంపిన ఫిట్టరును నేను చూడలేదు.

ఒక ఆదివారం చర్చి అయిపోయాక, బసంత్‌నగర్ దగ్గర వాడకం లేని పాత రన్‌వే మీదికి విమానాన్ని ట్రాలీలో తీసుకుపోయాం. నిలువెత్తు లేచి, తిన్నగా పోయి, మళ్లీ అదే దారి మీద దిగడం, అంతవరకే అన్నాడు బావ. చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి, తోకను ట్రాలీకి మోకుతో కట్టి, ఇంజను బాగా వేడెక్కాక దవడతో వింటూ వేగం కుదిర్చాను. అప్పుడు అక్క నా పక్కకు వచ్చి మెల్లగా అడిగింది: "తమ్మీ, గాలిల ఉన్నప్పుడు ఇంజను ఆగదు గద?" ఫికర్ చెయ్యొద్దన్నాను. అంటూ ఉండగానే నా చెయ్యి తన అలవాటు కొద్దీ స్క్రూను పావు చుట్టు బిగించింది. "ఇది నీ పేరున అక్కా" అని చెబితే ఆమె ముఖం తేటపడింది. ఆమె ప్రార్థన చేసింది, మేమిద్దరం తలలు వంచాం, బావ ఎక్కి కూర్చున్నాడు.

లేవడమైతే చక్కగా లేచింది. సగం దూరం పోయాక బావ యాక్సిలరేటరు పూర్తిగా తగ్గించడం చేతి కదలికను బట్టి తెలిసింది, కానీ విమానం దిగలేదు. ఎండిన ఆకంత తేలిక బండి అది. నేను బిగించిన పావు చుట్టుకే పంకా దాన్ని ఇంకా లాక్కుపోతోంది. రన్‌వే కొసన ఎవరో పోసిన కంకర కుప్ప ఉంది. ఆపెయ్యమని అరుస్తూ పరిగెత్తాను, ఆ మోతలో ఆయనకేం వినబడుతుంది? అక్క కదలకుండా నిలబడి చూస్తూ ఉంది. బావ తనే స్విచ్చి కట్టేశాడు. ఇంజను ఆగింది, విమానం ధబ్బున పడి, రెండుసార్లు ఎగిరి, కుప్పకు నాలుగడుగుల ఇవతల నిలబడింది.

బావ దిగి, నీళ్లు తాగి, "బామ్మర్దీ, నీ ఇంజను బంగారమే. ఆగుమన్నా ఆగలే" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. తప్పు నాదేనని, ఆ పావు చుట్టు సంగతంతా ఇద్దరి ముందూ చెప్పేశాను. అక్క ఒక్క మాట కూడా తిట్టలేదు. నా చేతిలోని స్క్రూడ్రైవరు తీసుకుని, "నా పేర పెట్టింది నేనే తీస్త, ఎటు తిప్పాలె చెప్పు" అంది. చూపించాను. తిప్పుతూ, "ఆగకుంటె చాలనుకున్న. దిగుడు సంగతి యాదికే లేకపాయె" అని తనలో తాను అనుకున్నట్టుగా అంది.

ఆ మధ్యాహ్నమే బావ మళ్లీ లేచాడు, ఈసారి కొంగ వాలినట్టు మెత్తగా దిగాడు. అటు తరవాత ఇంకొన్ని ఆదివారాలు విమానం ఎగిరింది. ఇంజను సామాన్లు దొరక్కపోవడంతో ఆ ముచ్చట అక్కడితో తీరిపోయింది. ఇప్పుడు పెద్దపల్లిలో అక్కా బావా హాయిగానే ఉన్నారు. ఆయనకు మోకాళ్ల నొప్పులు, రెక్క గుడ్డ వాళ్ల స్కూటరు మీద కప్పు. నేను పోయినప్పుడల్లా, నీ ఇంజను బంగారమే బామ్మర్దీ అని ఆయన అనకమానడు.

మా అమ్మాయి రోజూ జైపూర్ పవర్ ప్లాంటుకు ఆ కారులోనే డ్యూటీకి పోతుంది. కొత్త బండ్లు మంచివే, నాలాంటి వాడి చెయ్యి తప్పుకు వాటిల్లో చోటు లేదు, అందుకు సంతోషమే. ప్రేమకొద్దీ బిగించిన చుట్టు అన్నిసార్లూ మేలు చేయదని నా కంటే బాగా తెలిసినవాళ్లు ఎవరుంటారు? అయినా పొద్దున్నే ఆమె బండి స్టార్టు చేయగానే నా చెయ్యి జేబులో స్క్రూడ్రైవరు కోసం వెతుకుతుంది. తిప్పడానికి ఏమీ లేదు కనుక, గేటు దగ్గర నిలబడి, బండి మలుపు తిరిగేదాకా చూసి లోపలికి వస్తాను.