ఒరిజినలని తేల్చే పెద్దమనిషి

యుద్ధంలో వాడిన మిలిటరీ మోటారుసైకిళ్ళు మా ఊళ్ళలోకి వచ్చిన రోజులవి. ఏది అసలు సరుకో, ఏది అతుకుల బొంతో తేల్చే పెద్దమనిషి ఏలూరులో ఒకాయన ఉండేవాడు. బొటనవేలు ఉమ్మితో తడిపి, ఇంజను నంబరు మీద రుద్ది, కళ్ళు మూసుకుని తీర్పు చెప్పేవాడు.

బాబాయి పోయాక, ఆయన బండి అమ్ముదామని మండవల్లి నుంచి పిన్ని వచ్చింది. ఆ పెద్దమనిషి దగ్గరికి నేను తోడు వెళ్ళాను.

"ఒరిజినలని చెప్పి, నా గొలుసు అమ్మి మరీ కొన్నారండీ," అంది పిన్ని.

ఆయన వేలు రుద్దాడు. "ఇంజను ఒక బండిది, ఫ్రేము ఇంకో బండిదండీ అమ్మగారూ. పాపం, మీవారు మోసపోయారు. పాత ఇనుము కిందైతే నేనే తీసుకుంటానండీ," అన్నాడు మెత్తగా.

పిన్ని తలవంచుకుని ఇచ్చేసింది.

ఆ వేసవిలోనే తాడేపల్లిగూడెంలో ఒక రైసుమిల్లు ముందు అదే బండి కనిపించింది. ఆయన వేలు తడిపి రుద్దుతూ, "ఒక్క నట్టు కూడా మారలేదండీ," అంటున్నాడు మిల్లు యజమానితో.

నేను నిలదీస్తే తొణకలేదు. "ఆడవారికి బండెందుకండీ?" అన్నాడు. మిల్లు యజమాని కూడా నవ్వాడు. పెద్దమనిషి ఉమ్మితో మెరుస్తున్న ఆ వేలు పంచెకి తుడుచుకున్నాడు.

మండవల్లి వెళ్ళి పిన్నికి చెప్పాను. ఆవిడ బండి సంగతి అడగనైనా అడగలేదు.

"గొలుసు తగలేశారని పోయిన మనిషిని రోజూ తిట్టుకుంటున్నాన్రా," అని కొంగు నోట్లో కుక్కుకుంది.