ముగ్గుపిండి గట్టు

"పైలం బిడ్డా, పక్కన బురదున్నది!"

దేవరుప్పుల దగ్గరి అంగన్‌వాడీకి తనిఖీకి వెళ్తే, ముందు వినిపించింది టీచరమ్మ గొంతే. గచ్చుమీద ముగ్గుపిండితో పొలం గట్టు గీసింది. పిల్లలు నెత్తిన వరిగడ్డి కట్టలు పెట్టుకుని, చేతులు చాపి, దానిమీద ఊగుతూ నడుస్తున్నారు. అడుగడుక్కీ ఆమెది అదే మాట, నిజమైన కంగారుతో.

నేను గది మధ్యలోంచి నడిచేశాను. పిల్లలు కెవ్వుమన్నారు.

"మేడం, వరి తొక్కినవ్!" అందో చిన్నది.

టీచరమ్మ బెదురుతుందనుకున్నాను. నా ఫైలే తీసి నా నెత్తిన పెట్టింది. "మోపు పడకుండ గట్టు మీదికెళ్లి రాండ్రి మేడం."

మూడో అడుగుకే తూలాను. కాగితాలన్నీ బురదపాలయ్యాయి. పిల్లలు పడీపడీ నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు, కాళ్లు కడుక్కొమ్మని చెంబు అందించింది.

ఖాళీ చెంబు. బుద్ధిగా కడుక్కున్నాను.