వెలిగించని కొండ

ఎనభైల మొదట్లో ఉత్తరాదిన జనక్‌పురిలో మా అబ్బాయి దగ్గర ఉండగా దసరాకు బొమ్మల కొలువు పెట్టాము. తొమ్మిదేళ్ల మనవరాలు తనకూ ఒక మెట్టు కావాలంది. సరేనన్నాను. పాత పేపర్లు నానబెట్టి, జిగురు కాచి కొండ చేసింది. జిగురుకు నేనిచ్చింది జల్లెడలో మిగిలిన గోధుమ పొట్టే. మంచి పిండి ముట్టుకోనివ్వలేదు. కొండ చుట్టూ అగ్గిపెట్టెలతో కోటగోడ, శిఖరాన ప్రమిద, అందులో పొడి వత్తి.

"ఏ ఊరి కొండే ఇది?"

"ఏ ఊరిదీ కాదు నానమ్మా. నా దేశంలోది."

"నీ దేశం ఎక్కడుంది?"

"కహీ నహీ, ఎక్కడా లేదు. నేనే అనుకున్నా. శత్రువులొస్తే ఈ కొండ మీద మంట పెడతారు. అది చూసి అందరూ ఇళ్లు వదిలేసి పారిపోవాలి."

లేని దేశానికి శత్రువులేమిటో నాకు అర్థం కాలేదు. మూడో తరగతితో ఆగిన చదువు నాది, అందుకేనేమో అనుకున్నాను. అంత ఎత్తుకు కట్టెలెవరు మోస్తారని అడిగితే మాత్రం అది ఆలోచనలో పడింది.

సాయంత్రం పేరంటానికి పక్క బ్లాకు ఆవిడ వచ్చింది. కొండను చూడగానే చెంపలు వేసుకుంది.

"అరుణాచలం ఎంత బాగా పెట్టారు మామ్మగారూ. దీపం లేదేం? కాస్త నూనె ఇవ్వండి, నేను వెలిగిస్తా."

పిల్ల పరుగున వచ్చి ప్రమిదకు చేయి అడ్డం పెట్టింది. "మత్ జలాయియే ఆంటీ, వెలిగించొద్దు. ఇంకా ఎవరూ రాలేదు. ఊరికే వెలిగిస్తే అందరూ ఇళ్లు వదిలి పోతారు."

"ఏమంటోందండీ ఇది?" అని ఆవిడ నావైపు చూసింది.

పండగ పూట దీపం వద్దని ఎలా అనను? లేని ఊరి జనం ఎటు పోతే నాకేం? ఒక్క కేక వేస్తే పిల్ల తప్పుకునేది. కానీ అది రెండో చేయి కూడా అడ్డం పెట్టింది.

"నూనె అయిపోయిందమ్మా," అన్నాను.

నిండు డబ్బా వంటింటి గట్టు మీద ఆవిడకు కనిపిస్తూనే ఉంది. "అచ్ఛా, మా ఇంటి నుంచి తెస్తా లెండి."

"మా ఇంట్లో పరాయి నూనె వాడం."

ఆవిడ తాంబూలం తీసుకుని వెళ్లిపోయింది. ఒక్క వత్తికి నూనె ఇవ్వని పీనాసినని మర్నాటికి అక్కడి తెలుగువాళ్లందరికీ తెలిసింది. అబద్ధమాడి మరీ ఎవరిని కాపాడానో నాకే తెలియలేదు.

"అందరూ ఇళ్లల్లోనే ఉన్నారు నానమ్మా," అని చెప్పి పిల్ల నిద్రపోయింది.

మిగిలిన రోజుల్లో ఎవరొచ్చినా, వాళ్లు అడగకముందే నూనె లేదని చెప్పేదాన్ని.