మా పెరటి పంపులో పసుపు గుడ్డ

మా నాన్నకు కోపం ముందు పుట్టి, ఆయన తర్వాత పుట్టాడని మా నాయనమ్మ అంటుండేది. కొడుకును అంత మాట అనగలిగింది ఆ ఇంట్లో ఆవిడొక్కతే. అమ్మా నేనూ ఆయన చెప్పుల చప్పుడు వినపడగానే నోళ్లు మూసేసుకునేవాళ్లం. ఆ కోపమే లేకపోతే నాకొక తమ్ముడో చెల్లెలో ఉండేవాళ్లని ఇప్పటికీ అనిపిస్తుంది.

అప్పుడు రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. మేం నరసరావుపేటలో ఉండేవాళ్లం. నాన్న నూనె మిల్లులో పనిచేసేవాడు. నా తర్వాత అమ్మకు రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి నెల తప్పినప్పుడు ఆస్పత్రి డాక్టరమ్మ నాన్నను కూర్చోబెట్టి గట్టిగానే చెప్పిందట. బావిలో నీళ్లు తోడకూడదు, బరువులెత్తకూడదు, ఈ బిడ్డ దక్కాలంటే అంతకు మించిన మందు లేదు అని. మా బావి బాగా లోతు. చేద పైకొచ్చేసరికి మగవాళ్లకే రొప్పు వచ్చేది.

నాన్న మిల్లులో మూలపడి ఉన్న చేతిపంపొకటి అడిగి తెచ్చుకున్నాడు. దాన్ని విప్పి, తుప్పు గీకి, బావి పక్కన దిమ్మె కట్టి బిగించాడు. గొట్టం బావిలోకి దించాడు. పడ్డ నీళ్లు నేరుగా వంటింటి తొట్టిలోకి పోయేటట్టు రేకు కాలవ పెట్టాడు. పిడి ఎంత తేలికంటే, గౌను వేసుకు తిరిగే నేను కూడా కొట్టేదాన్ని. బజారు బజారంతా వచ్చి చూసిపోయింది. నాన్న అమ్మ వైపు తిరిగి, "ఏమే, ఇంక చేద ముట్టుకున్నావంటే చేతులిరగ్గొడతా" అన్నాడు. ఆయన ప్రేమ అట్లాగే ఉండేది మరి.

అంతటితో ఊరుకుంటే ఎంత బాగుండేది! అది ఎట్లా పనిచేస్తుందో వాళ్లమ్మకు చెప్పాలని ముచ్చట పుట్టింది ఆయనకు.

"లోపల తోలు గిన్నె ఉంటదమ్మా. గొట్టానికి పట్టేసినట్టు కూర్చుంటది. అది పైకి లేచినప్పుడల్లా నీళ్లను లాక్కొస్తది."

నాయనమ్మ చేతిలో చెంబు అక్కడే దించేసింది. "తోలా? తోలు తగిలిన నీళ్లతో నన్ను మడి కట్టుకోమంటావంట్రా?" అని లేచిపోయింది. ఆ రోజు నుంచి తన నీళ్లు తనే తోడుకునేది. ఆ వయసులో, ఆ వంగిన నడుముతో. అమ్మ పంపు పిడి పట్టుకుని నిలబడి, అత్తగారు చేద లాగుతుంటే చూడలేక తలుపు చాటుకు పోయేది.

శివరాత్రి వచ్చింది. నాన్న మిల్లువాళ్లు కట్టిన ప్రభ బండితో పాటు కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్లాడు. నన్నూ భుజాన ఎక్కించుకుపోయాడు. ఉపవాసం పూట నాయనమ్మ నీళ్లు తోడబోయి కళ్లు తిరిగి గట్టు పట్టుకుందట. అమ్మ ఆవిణ్ణి లోపల కూర్చోబెట్టి, నాన్న పానా తీసుకుని పంపు పైమూత విప్పింది. ఆయన బిగిస్తుంటే చూసిందిగా. తోలు గిన్నె తీసి, కొత్త గుడ్డను పసుపులో తడిపి, మడతల మీద మడతలు పెట్టి, దారంతో కట్టి దాని చోట కూర్చోబెట్టింది. తడికి గుడ్డ ఉబ్బి గొట్టానికి పట్టింది. నీళ్లొచ్చాయి! నాయనమ్మ ఆ నీళ్లతోనే అభిషేకం చేసుకుంది. "నా తల్లే, నా తల్లే" అని కోడలి బుగ్గలు పుణికిందట. ఇదంతా తర్వాత ఎప్పుడో నాయనమ్మే ఏడుస్తూ చెప్పింది నాకు.

తోలు గిన్నెను మళ్లీ పెట్టొచ్చులే అని అమ్మ గోడ మీద ఉంచింది. దానికి పట్టించిన ఆముదం వాసనకో ఏమో, కుక్క ఎత్తుకుపోయింది.

మేం కొండ నుంచి వచ్చేసరికి గుడ్డ నలిగిపోయినట్టుంది. పిడి కొడితే గుర్రుగుర్రుమని గాలే తప్ప నీటి చుక్క లేదు. నాన్న ముఖం ఎర్రబడింది.

"ఎవరు చెయ్యి పెట్టారు దీన్లో? చెప్పండి! యుద్ధం రోజుల్లో మేకు దొరకటం లేదు, ఇది పోతే యాడ నుంచి తేవాలి? ముట్టుకున్నోళ్లని ఇదే బావిలో పడేస్తా!"

నాయనమ్మ ఒకసారి కోడలి వంక చూసి, "మాకేం తెలుసురా ఇనప ముక్కల సంగతి" అంది. కోడలిని కాపాడాననుకుంది పాపం.

ఇంక ఆయన వెతుకులాట మొదలైంది. పై నుంచి చెంబులతో నీళ్లు పోసి కొట్టాడు. రాలేదు. గొట్టం అతుకుల దగ్గర గాలి పీలుస్తోందేమోనని సబ్బు నురగ పూసి చూశాడు. అతుకులన్నీ విప్పి నార చుట్టి, పైన సఫేదా లప్పం రాసి బిగించాడు. మనుషులను పిలిచి గొట్టమంతా పైకి లాగించి, అడుగున నీళ్లు జారిపోకుండా ఆపే మూత కడిగి మళ్లీ దించాడు. మిల్లు నుంచి రావడం, పంపును తిట్టడం, మమ్మల్ని తిట్టడం, అదే పని. "పైమూత విప్పి చూడరా" అని నాయనమ్మ ఒకసారి మెల్లగా అంది. "తోలు నేను చేత్తో వేసింది, అది పోదు! నాకు చెప్పొచ్చావా?" అని ఆవిడ మీద కూడా లేచాడు. ఆవిడ ఇంకోసారి అనలేదు.

ఈలోపల ఇంటికి నీళ్లు కావాలిగా? పక్కింటి పిన్ని ఒక బిందె పోసేది. నాయనమ్మ చేతనైనన్ని తోడేది. మిగతావి, నాన్న మిల్లుకు వెళ్లగానే, అమ్మ తోడేది. వద్దంటే, "నా మూలాన వచ్చిందేగా అత్తయ్యా" అనేదట.

ఒకరోజు మధ్యాహ్నం నేను బడి నుంచి వచ్చేసరికి చేద గట్టు మీద ఒరిగి ఉంది. అమ్మను బండిలో ఆస్పత్రికి తీసుకెళ్లారన్నారు. అమ్మ బతికింది. బిడ్డ దక్కలేదు.

మర్నాడు నాన్న ఇంటికి వచ్చాడు. చేతులకు ఏదో ఒక పని కావాలన్నట్టు పానా తీసి, పంపు పైమూత విప్పాడు. పీలికలైన పసుపు గుడ్డ చేతికొచ్చింది. నాయనమ్మ అప్పుడు మొత్తం చెప్పింది. నేను స్తంభం చాటున నిలబడి, ఇల్లెగిరిపోయేటట్టు అరుస్తాడని చెవులు మూసుకోబోయాను. ఆయన అరవలేదు. "నాకొక్క మాట చెప్తే ఏం పోయిందమ్మా" అన్నాడు, అంతే. నాయనమ్మ ఆయన వంక చూస్తూ, "ఎట్టా చెప్పాల్రా నీకు?" అంది.

కొత్త తోలు దొరకలేదు. తన కాలి చెప్పే విప్పి, అందులోంచి గుండ్రంగా కోసి, ఆముదంలో నానబెట్టి వేశాడు. మొదటి చెంబు నీళ్లు నాయనమ్మే పట్టుకుని గటగటా తాగేసింది. మడి లేదు, గిడి లేదు.

అమ్మను ఇంటికి తీసుకొచ్చిన రోజు నాన్న ఆమెను వంటింటి గడపలో పీట మీద కూర్చోబెట్టి, పెరట్లోకి పోయి గబగబా పిడి కొట్టాడు. నీళ్లు దుమికి వచ్చి తొట్టిలో పడ్డాయి. "చూడు, ఎట్టా పడుతున్నాయో! చంటిపిల్ల కొట్టినా వస్తయ్. ఇంక నీకు చేద పనే లేదు" అన్నాడు. ఆయన గొంతు అంత మెత్తగా వినడం నాకదే మొదటిసారి.



"ఇప్పుడు కడుపు పోతుందన్న భయం లేదుగా. ఎన్ని బిందెలైనా మొయ్యొచ్చు" అంది అమ్మ.